కోర్టులో నీ పేరు

తమ్ముడా దానియేలూ,

ఏఎస్‌పేట రోడ్డు మీద నిన్ను కారుతో గుద్దినోడికి నిన్న ఆత్మకూరు కోర్టులో శిక్ష పడింది. వాడికి బెయిలొచ్చినప్పుడు మనకెవరూ చెప్పలేదు. ఉదయగిరి బస్టాండులో వాడు టీ తాగతా కనిపిస్తేనే నాకు తెలిసింది. ఈసారి ఒక లేడీ కానిస్టేబుల్ ముందురోజే ఇంటికొచ్చింది. "అక్కా, రేపు శిక్ష చెప్తారు, నువ్వు రావాల. జడ్జిమేడం అడిగితే నీ మనసులో మాట చెప్పొచ్చు" అనింది. ఆ బిడ్డ చల్లగా ఉండాల.

మేడం నిజంగానే అడిగినారు. నేను లేచి, చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటుకొద్దీ "అందరికీ వందనాలు" అనేసినాను. వెనకాల ప్లీడర్లు నవ్వినారు. నవ్వేదానికి ఏముందో వాళ్లకే తెలియాల. మేడం మాత్రం నవ్వలేదు. "వందనాలమ్మా, చెప్పండి" అన్నారు.

ఇన్ని వాయిదాల్లో నిన్ను అందరూ మృతుడనే పిలిచినార్రా. అందుకే నేను చెప్పింది ఒకటే. "వాడి పేరు దానియేలు మేడం. ఆదివారం ఆదివారం నన్ను బండెక్కించుకొని చర్చికి తీసకపోయేవాడు. ఇప్పుడు నడిచి పోతా ఉండాను."

మేడం ఏదో రాసుకున్నారు. తర్వాత ఆ కారోడికి శిక్ష చెప్తా, మృతుడు అనలేదురా. దానియేలు అన్నారు.

మీ అక్క