బరువు ఒక పక్కకి లాగిన ఆటో

బుధవారం

ఈ సంగతి ఇంట్లో చెప్పలేను. చెబితే నాన్న ముందు నా ట్యూషనే మానిపించేస్తారు. మలికిపురం ఆటోలో ఆ తెల్లచొక్కా ఆయన ఈరోజు కూడా నా పక్కనే ఎక్కేడు. మళ్ళీ మోచెయ్యి తగిలిస్తున్నాడు. బ్యాగు అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయేను.

డ్రైవర్ సత్తిబాబు గారు అద్దంలో చూసేరనుకుంటా, కాలవ పక్కన ఆటో ఆపేరు.

"ఏవండీ, మీరు ముందుకొచ్చి నా పక్కన కూర్చోండి. బండి ఒక పక్కకి లాగేస్తందండి."

"ఇక్కడ బానే ఉంది కదయ్యా!"

"మీకు బానే ఉందండి. బండికే బాలేదు."

చేపల బుట్టతో ఉన్న మామ్మగారు, "ఎల్లండి బాబూ, మాకూ ఊపిరాడతాది" అన్నారు. అందరూ నవ్వేరు. ఆయన ముందుకెళ్ళేడు.

నా వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు. అదే నాకు పెద్ద హెల్ప్. దిగేటప్పుడు థ్యాంక్స్ చెబుదామనుకునేలోపు సత్తిబాబు గారే, "రేపట్నుంచి మామ్మగారి పక్కన ఎక్కమ్మా" అన్నారు. "ఆయ్" అన్నాను, అంతే. ఇంటికొచ్చి ఏడ్చేను. భయంతో కాదు.

కానీ సత్తిబాబు గారూ నాన్నా రోజూ కలిసి టీ తాగుతారు. ఒకవేళ మొత్తం చెప్పేస్తే...

నాన్న తలుపు కొడుతున్నారు. "అమ్మలూ, రేపు ట్యూషన్ ఎన్నింటికి? నీకు సీటు ఆపుతానన్నాడు సత్తిబాబు."

అంతేనా చెప్పేరు? అంతే చెప్పేరు! ఈ డైరీ పేజీలు ల్యాబ్ రికార్డు మధ్యలో దాచేస్తున్నా.