నల్ల ఇంజిన్, తమ్ముడి మీద పడిన నింద

విద్యుత్ శాఖలో మీటర్లు బాగుచేసి రిటైరై, ఆ తర్వాత మోడల్ రైలింజిన్లకు పొగ అమర్చడంతో "పొగాయన" అని పేరుపడిన నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, బుద్ధి నా అదుపులో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చేతులు వణుకుతున్నాయి కాబట్టి నేను చెబుతుంటే లాయరమ్మ రాస్తోంది. వణుకు చేతులకే, మతికి కాదు. సోమవారం నా గుండెకు ఆపరేషన్. డాక్టరు "ఏం ఫర్వాలేదు" అన్నాడు గానీ, ఆ మాట అంటూ నా మొహం చూడలేదు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది చెల్లదు.

1. నేను కట్టించిన ఇల్లు, వంటగది, వరండా, నా పనిగదితో సహా, నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. "వంటగదిలోకన్నా మీ గదిలోనే పొగెక్కువ" అని నలభై మూడేళ్లుగా అంటూనే ఉంది. ఇకనైనా ఆ గది కిటికీ బార్లా తెరిచి, కుట్టుమిషన్ అక్కడ పెట్టుకోవచ్చు. వెలుతురు బాగుంటుంది.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురిది. ఎవరేం చెప్పినా తలూపి, చివరికి తనకు సబబనిపించిందే చేస్తుంది. ఆ గుణం నాకు లేకపోవడం వల్లే ఐదో అంశం రాయించాల్సి వచ్చింది.

3. నా పనిబల్ల, భూతద్దం, బొమ్మరైళ్లు నడిపే కంట్రోలర్, చిన్న పనిముట్లన్నీ కూతురికే. చిన్నప్పుడు ఆ బల్ల కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. బల్ల అడుగున తను పెన్సిల్‌తో రాసిన ఎక్కాలు ఇంకా ఉన్నాయి. ఏడో ఎక్కం తప్పు. బల్లకు రంగు వేయించవద్దు.

4. నా దగ్గర పంతొమ్మిది ఇంజిన్లున్నాయి. అవి ఎవరికన్నది తొమ్మిదో అంశంలో ఉంది. ఎవరు తీసుకున్నా ముందు ఇది తెలుసుకోవాలి. చిమ్నీ కింద అగ్గిపుల్ల ముక్కంత గొట్టం ఉంటుంది, అందులో సన్నని వేడితీగ. నాలుగు చుక్కల పొగ నూనె పోస్తే, తీగ వేడికి ఆ నూనె పొగవుతుంది. నూనె అయిపోయాక కూడా తీగ వేడెక్కుతూ ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది. ఆపైన ఏది అంటుకుంటుందో చెప్పలేం. పాత రకం బొమ్మరైళ్లలో ఇంజిన్ ఆగితే కరెంటూ ఆగేది. డిజిటల్ వచ్చాక పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎక్కడికి ఎంత పంపాలో ఇంజిన్ లోపలుండే డీకోడర్ అనే చిన్న చిప్పు తేలుస్తుంది. అంటే, ఆగి ఉన్న ఇంజిన్ కూడా కాలగలదు. అందుకే డీకోడర్‌లో రెండు అంకెలు జాగ్రత్తగా రాయాలి: తీగకు ఎంత కరెంటు వెళ్లాలి, ఎన్ని నిమిషాలకు పొగ దానంతటదే ఆగాలి. రెండో చోట సున్నా రాస్తే, ఎప్పటికీ ఆగదని అర్థం.

5. పదకొండేళ్ల కిందట మా మోడల్ రైళ్ల క్లబ్బు హాల్లో మంటలు లేచాయి. అంతకు నెల ముందు అధ్యక్షుడు నా దగ్గరికొచ్చి, "ఏంటండీ ఈ పొగ, చుట్ట కాల్చినంతైనా లేదు! జనం వచ్చేదే దానికోసం. దట్టంగా రావాలి, మధ్యలో ఆగకూడదు" అన్నాడు. కుదరదని చెప్పాల్సినవాణ్ణి, సరేనన్నాను. క్లబ్బు ఇంజిన్లు ఏడింటిలో కరెంటు పూర్తిగా పెంచి, గడువు సున్నా చేశాను. తమ్ముడి యాభయ్యో పుట్టినరోజుకు ఇచ్చిన నల్ల ఇంజిన్‌లోనూ అవే అంకెలు పెట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం రైళ్లు తిరుగుతుండగా కరెంటు పోయింది. హాలు మూసి అందరం భోజనానికి వెళ్లాం. తాళం వేసింది మా తమ్ముడు. హాలు చూసుకునే ఉద్యోగం వాడిదే. కాసేపటికి కరెంటు తిరిగొచ్చింది. డీకోడర్ మరిచిపోయే రకం కాదు. కరెంటు పోయేటప్పుడు పొగ వేసి ఉంటే, వచ్చాక మళ్లీ తనే వేస్తుంది. నూనె ఇంకిపోయిన తీగ ఖాళీ హాల్లో ముప్పావుగంట కాలింది. మేం తిరిగొచ్చేసరికి సగం రైలుబల్ల లేదు. బల్ల మీద పరిచిన గుడ్డను మంటల్లోంచి లాగబోయిన వాచ్‌మన్‌కు కుడి అరచెయ్యి కాలింది.

అధ్యక్షుడు మూలనున్న, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ చూపించి, "ప్లగ్ తీయకుండా వెళ్లావన్నమాట" అన్నాడు తమ్ముడితో. వాడు నావైపు తిరిగి, "తీశానన్నయ్యా. నువ్వు చూశావుగా!" అన్నాడు. చూశాను. వాడు ప్లగ్ తీసి, వైరు చుట్టి పక్కన పెట్టడం నా కళ్లతో చూశాను. "సరిగ్గా గుర్తులేదురా" అన్నాను.

నాలుగో రోజున, కాలిన ఇంజిన్లోంచి డీకోడర్ ఊడదీసి ఇంట్లో కంట్రోలర్‌కు తగిలించి చదివి చూశాను. సున్నా. నేను రాసిన సున్నా. అప్పటికే తమ్ముడి ఉద్యోగం పోయింది. పొగబెట్టి సాగనంపడం అంటారే, ఆ మాటకు నాకన్నా తగినవాడు ఉండడు. క్లబ్బుకు మిగిలిన ఆరు ఇంజిన్లలో అంకెలు ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. ఆ తర్వాత తమ్ముడు మా గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు, పిలిస్తే చెప్పాల్సి వచ్చేది. నల్ల ఇంజిన్‌ను కోపంతో అటకెక్కించాడని విన్నాను. అటక మీదే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

6. పోయిన ఆదివారం నా కూతురు ఫోన్లో ఒక వీడియో చూపించింది. తమ్ముడి ఇల్లు. భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద పట్టాలు, పట్టాల మీద ఆ నల్ల ఇంజిన్. పొగ దట్టంగా వస్తోంది. తమ్ముడి మనవరాళ్లిద్దరిలో చిన్నది ముక్కు ఆ పొగకు ఆనించి నవ్వుతోంది. "ఎంత బాగుందో చూడు నాన్నా" అంది నా కూతురు. ఫోను తిరిగి తన చేతిలో పెట్టేశాను.

మంగళవారం లాయరమ్మను పిలిపించి, నా తదనంతరం ఈ సంగతి తమ్ముడికి తెలియజేయాలని రాయించబోయాను. ఆమె కలం ఆపింది. "ఇది మీరు పోయాక తెరిచే కాగితం కదండీ. ఆ ఇంజిన్ ఇవాళ నడుస్తోంది కదా?" అంటూ తన ఫోను నా ముందు పెట్టింది.

తమ్ముడే ఎత్తాడు. పదకొండేళ్ల తర్వాత నేనన్న మొదటి మాట, "నల్ల ఇంజిన్ ఎక్కడుందిరా?" పట్టాల మీదే ఉందన్నాడు, ఆగి ఉందన్నాడు. పొగ వస్తోందా అనడిగాను. "లేదు. ఏదో మాడు వాసనొస్తోంది" అన్నాడు. "పిల్లల్ని అవతలికి పంపు! గోడ దగ్గర ప్లగ్ పీకెయ్!" అని అరిచాను. ఫోను బల్ల మీద పడిన చప్పుడైంది. కుర్చీ ఏదో పడింది. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. లాయరమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. చివరికి, "తీశాను" అన్నాడు. "చిమ్నీ కరిగి వాలిపోయింది, కింద గుడ్డకు చిల్లు పడింది. పిల్లలు బాగానే ఉన్నారు. ఇంతకీ నీకెలా తెలిసింది?"

చెప్పాను. సున్నా సంగతి, ప్లగ్ సంగతి, చూసి కూడా చూడలేదన్న సంగతి. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "నిజంగా తీశానా లేదా అని రాన్రాను నాకే అనుమానం వచ్చేసిందన్నయ్యా. ఇప్పటికీ ఇల్లు దాటితే వీధి చివర్నుంచి వెనక్కొచ్చి ప్లగ్గులన్నీ చూసుకుంటాను" అని ఫోను పెట్టేశాడు.

7. ఐదు, ఆరు అంశాల నకలు నా సంతకంతో ఇవాళే క్లబ్బుకు పంపాను. వచ్చే సమావేశంలో అధ్యక్షుడు నిలబడి, గొంతు తగ్గించకుండా చదవాలి. నా నుంచి అతనికి వేరే ఏమీ రాదు.

8. పెద్ద బటన్ల రేడియో వాచ్‌మన్‌కు చెందాలి. అతని కుడిచేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఎందుకిస్తున్నానో శనివారం నేనే వెళ్లి చెబుతాను.

9. పంతొమ్మిది ఇంజిన్లూ తమ్ముడికి దఖలు పరుస్తున్నానని రాయించాను. ఈ ఉదయం వాడు నల్ల ఇంజిన్ పెట్టె పట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. స్క్రూలు విప్పబోయాను గానీ చేతులు నిలవలేదు. పెట్టె నా ముందు నుంచి లాక్కుని తనే విప్పాడు, మాడిన తీగ తీసి కొత్తది పెట్టాడు. నేను అంకెలు చెబుతుంటే కంట్రోలర్‌లో కొట్టాడు. ఒక్కొక్క అంకె కొట్టాక మళ్లీ చదివించి చూశాడు. నా మాట నమ్మి ఒక్కటీ వదిలెయ్యలేదు. వదలకూడదు కూడా.

రెండో సాక్షి కావాలని లాయరమ్మ అంటే, తమ్ముడు కలం అడిగాడు. సాక్షి సంతకం పెడితే ఇందులో వాడి పేర రాసినవేవీ వాడికి దక్కవని ఆమె హెచ్చరించింది. "ఇంజిన్లు నాకొద్దండీ. ఈయన ఇది ఒప్పుకుని సంతకం పెడుతుంటే నేను చూశానని చెప్పేవాడొకడుండాలి. ఆ మాట నేను చెబుతాను" అన్నాడు.

కాబట్టి ఆ ఇంజిన్లు కూడా నా కూతురికే చెందాలి.

2024 మార్చి 14, గురువారం, పగలు పదకొండున్నర గంటలు.

సంతకం: పొగాయన (వంకరగా ఉన్నా నాదే)
రాసినది: లాయరమ్మ
మొదటి సాక్షి: పక్కవీధి మందుల షాపాయన
రెండో సాక్షి: తమ్ముడు. చూశాను.