విప్పని చీటీ

నాయనా, ఈ రోజు నీ సంవత్సరీకం. చెల్లెలు పది పాసైంది. నీట్‌కు చదవాలా, జేఈఈకా అని తేల్చుకోలేకపోతుంటే అమ్మ, "మీ నాయన మాదిరే మహానందీశ్వరుని ముందర చీటీలేద్దాం మే" అంది.

నా పది అయినప్పుడు నువ్వు వేసిన రెండు చీటీల్లో నేను తీసినదాంట్లో నీట్ అని ఉంది. లెక్కలంటే ప్రాణమైనా, దేవుడి మాట కదా అని బైపీసీలో చేరాను. తీయని చీటీ విప్పకూడదంటూ రెండోదాన్ని నువ్వు దేవుడి పటం వెనక దోపావు. ఇందాక పటం తుడుస్తుంటే అది కింద పడింది. విప్పాను. అందులోనూ నీ చేతిరాతే, అదే నీట్.

నీట్ తప్పిన మూడుసార్లూ మహానంది పోయి, ఆయన మాట నిలబెట్టలేకపోయానని ఏడ్చాను. దేవుణ్ణే అడగనివాడివి, నన్నేం అడుగుతావులే.