వానకోయిలలు తెచ్చిన మట్టి

ప్రియమైన సుగుణక్కకు,

ప్రభువు పేరిట నీకూ బావగారికీ వందనాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నేను బాగున్నాను. ఇంద్రేశంలో గదికి గాలి బాగానే వస్తుంది, వంట నేనే చేసుకుంటున్నాను. పచ్చడి అయిపోవచ్చింది, ఎవరైనా ఇటు వస్తే కొంచెం పంపు. కంపెనీ ల్యాబ్‌లో పని అలవాటైంది. నలుగురితో మాట్లాడడమే ఇంకా అలవాటు కాలేదు.

మన గుట్ట మీద బండ చరియ కింద గూళ్లు కట్టే వానకోయిలలు ఇక్కడా ఉన్నాయి. గుట్ట లేదు గనక మా ల్యాబ్ సజ్జ కిందే గుంపుగా కడుతున్నాయి. ముక్కున పట్టినంత తడిమట్టి తెచ్చి అంటించడం, అది ఆరాక మళ్లీ తేవడం. మట్టి కోసం తప్ప నేల మీద వాలవు. కానీ ఇక్కడ గూళ్లు నిలవకుండా రాలుతున్నాయి. రాలిన పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుంటే మా ల్యాబ్‌లో వాడే సాల్వెంట్ రసాయనాల వాసన వచ్చింది.

చుట్టుపక్కల కుంటలన్నీ ఎండి నెర్రెలిచ్చాయి. మరి తడిమట్టి ఎక్కడిది? భోజనం వేళ అవి ఎగిరిన వైపే వెళ్లాను. కంపెనీ వెనక గోడ అడుగు నుంచి బయటికి నీరు ఊరుతోంది. పిట్టలు అక్కడే వాలి మట్టి తీస్తున్నాయి. ఒక ముసలవ్వ తన మేకలకు ఆ నీళ్లే పడుతోంది.

"గీ ఎండల ఊట పుట్టింది బిడ్డా, దేవుడిచ్చిండు," అంది.

ముందు ల్యాబ్‌లో చెప్పాలనుకున్నానక్కా. తిరిగొచ్చి మా ఇన్‌ఛార్జి సారుకు చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. "నీ పని గోడకు ఇవతల. నువ్వింక పర్మినెంట్ కాలే, యాదిల పెట్టుకో," అన్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఒక మేకపిల్ల లేవలేక పడి ఉంది. అవ్వ ఎండదెబ్బ అనుకుంటోంది. అది ఊట కాదని, కంపెనీ నీళ్లని, మేకలకు పట్టొద్దని అప్పుడు చెప్పాను.

"నీకెట్ల ఎరుక?"

"నేను ఆ లోపల్నే పనిచేస్త అవ్వా."

అవ్వ మేకపిల్లను చంకకెత్తుకుని, "రేపు మా ఊరోళ్లను కంపెనీ గేటు కాడికి తోల్కొస్త. గీ మాటే అందరి ముంగట చెప్తవా?" అని అడిగింది.

చెప్తానన్నాను.

ఉద్యోగం పోతే కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంటాను. బావగారితో ముందే ఒక మాట అను. అమ్మకు ఇప్పుడే ఏమీ చెప్పకు. పెద్దమ్మకు, పాస్టర్ అయ్యగారికి నా వందనాలు చెప్పి, నా కోసం ప్రార్థన చేయమను. ఫోన్ చేస్తే నువ్వు వద్దంటావు, నేను ఆగిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది నీకు అందేసరికి చెప్పేసి ఉంటాను.

నీ దీవెన కోరే చెల్లెలు,
గ్రేస్