ఆరు గంటల ఊరు

క్యుబెక్ నగరం,
బుధవారం, 12 సెప్టెంబరు 2018.

పూజ్యుడైన అన్నయ్య లుడ్జేకి,

తమ్ముడు రొజేర్ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. హాలిఫాక్స్‌లో మీరిద్దరూ బాగున్నారని యుగెట్ వదిన ఉత్తరం వల్ల తెలిసింది. నీ మోకాళ్ళ సంగతి కూడా ఆవిడే రాసింది. పంతొమ్మిదేళ్ళ తరువాత నా చేతిరాత కనిపిస్తే కవరు విప్పకుండా పక్కన పడేస్తావేమోనని పై చిరునామా టైపు చేయించాను. ఇక్కడిదాకా చదివావంటే ఆ ఉపాయం పనిచేసినట్టే.

వదిన రాసిన సంగతులు ఇవి. అక్టోబరు తొమ్మిదిన మీరెక్కే ఓడ పొద్దున ఏడింటికి మన రేవుకు వస్తుంది, సాయంత్రం ఆరింటికి వెళ్ళిపోతుంది. మీ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయని పిల్లలు టికెట్లు కొనిచ్చారు. ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందో నువ్వు ముందు చూసుకోలేదు. చూసుకున్నాక, ఆ ఒక్కరోజూ ఓడ దిగేది లేదన్నావు. "ఊరు ఎక్కడికీ పోలేదుగా, ఓడ మీంచే కనిపిస్తుంది" అన్నావట. నిన్ను దింపే పూచీ తనదనీ, దిగాక నీ మోకాళ్ళకు కష్టం లేకుండా ఊరు తిప్పే పూచీ నాదనీ వదిన రాసింది. నా సగం పని నేను చేశాను. మిగతా సగం నీ చేతిలో ఉంది.

ఈ ఊళ్ళో పైపేటకూ కిందిపేటకూ మధ్య ముప్ఫై దాకా మెట్లదారులున్నాయని నీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా ఒక రోజు గడపాలంటే ఎలాగన్నది ప్రశ్న. ముప్ఫయ్యారేళ్ళు రేవు వార్తలు రాశాను. చూడనిది రాసే అలవాటు లేదు. అందుకని మా కింది ఇంటి తివియెర్జ్ గారిని తీసుకుని దారంతా నడిచి చూశాను. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ డాక్టర్లు పెట్టినవే. నది దాటించే లెవీ పడవ దగ్గర పాతికేళ్ళు టికెట్లు అమ్మిన మనిషి కాబట్టి నీకు ముఖం గుర్తుండవచ్చు. సంగతి చెప్పగానే, మీ అన్న మోకాళ్ళకు నా మోకాళ్ళు సాక్ష్యమా అని అడిగింది. అవునన్నాను. అయితే మధ్యలో కాఫీ ఇప్పించమంది.

మొదటి రోజు ప్లాస్ రాయల్ దగ్గర రాళ్ళు పరిచిన దారిలో నడిపించాను. అది తప్పు. మన ఊరి పద్ధతి నీకు తెలుసు కదా, ఎవరికైనా కోపం వస్తే తిట్లుగా నోట చర్చి సామాను పేర్లే వస్తాయి. ఆవిడ ఒక్కో రాయికీ ఒక్కో సామాను పేరు పెట్టింది. దీపం దగ్గర మొదలుపెట్టి పూజ పాత్ర దాకా వచ్చింది. ఎదురుగా వస్తున్న ఫాదర్ ఒకాయన టోపీ సర్దుకుని పక్క సందులోకి తిరిగిపోయాడు. నేను ఎంచుకున్న మొదటి బల్ల మీద కూర్చుని అటూ ఇటూ చూసింది.

"విలేకరి గారూ, ఇక్కడ కూర్చుంటే చెత్తడబ్బా తప్ప ఇంకేమీ కనబడదు. పంతొమ్మిదేళ్ళకి వచ్చే మనిషికి చూపించేది ఇదా?" అంది.

బల్ల మార్చాను. దారి కూడా మార్చాను. ఇప్పుడు రేవు నుంచి డల్హౌజీ వీధి వెంట చదునుగా ఉన్న దారి, ఆరు వందల నలభై అడుగులకొక చోటు కూర్చునేందుకు ఉంది. అన్ని చోట్లా నేను కూర్చుని చూశాను.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. దాచడం ఇష్టం లేక రాస్తున్నాను, నవ్వుకో. ఓడ దిగే వంతెన నీళ్ళు పోటుమీదున్నప్పుడు ఏటవాలుగా ఉంటుంది, నీళ్ళు సగం దిగాక చదునవుతుంది. నీ మోకాళ్ళకు చదునుగా ఉన్న వేళే కావాలి. ఆటుపోట్ల పట్టిక తీసి లెక్కవేసి, తొమ్మిదీ యాభైకి దిగాలని రాసుకున్నాను. ఆ కాగితం మా అమ్మాయి కొరలీకి ఫోనులో చదివి వినిపించాను.

"నాన్నా, వేసవికి గడియారాలు మనం గంట ముందుకు తిప్పుకుంటాం. పట్టిక తిప్పుకోదు. గంట కలపాలి. నువ్వన్న టైముకి దింపితే పెదనాన్న వంతెన మీద నడవడు, జారతాడు" అంది.

పట్టిక మొదటి పేజీలోనే ఆ సంగతి అచ్చయి ఉందని కూడా అంది. ఉంది. ముప్ఫయ్యారేళ్ళలో ఆ పేజీ నేను ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. నాన్న ఉంటే ఈ మాట మనం పుట్టిన దీవి అంతా చెప్పుకుని తిరిగేవాడు.

కాబట్టి సరిచేసిన లెక్క ఇది. పదీ యాభైకి వంతెన చదునుగా ఉంటుంది. పదకొండున్నర దాకా అలాగే ఉంటుంది. తొందర లేదు. కింద నేను బూడిదరంగు కోటులో ఉంటాను. నడిచి కిందిపేట చివరకు వెళ్ళేసరికి, బల్లల మీద కూర్చునే సమయంతో కలిపి, యాభై నిమిషాలు. అక్కడి నుంచి కొండ లిఫ్టులో పైపేటకు రెండు నిమిషాలు. పైన చెక్కల వసారా మీద కూర్చుంటే నది మొత్తం కనిపిస్తుంది. అక్కడ నిన్ను ఎంతసేపు ఉంచాలో నేను నిర్ణయించలేదు. నది చూడ్డంలో నీకు టైము పెట్టడం నా తరం కాదు. ఒంటిగంటకు టాక్సీ వస్తుంది.

భోజనం నా ఇంట్లో కాదు. నాది రెండో అంతస్తు, ముప్ఫై ఒక్క మెట్లు. తివియెర్జ్ గారు తన కింది ఇల్లు ఇస్తానంది. వంట మాత్రం నాదే, మా ఆవిడ జినెట్ పోయిన దగ్గర్నుంచి బాగానే అలవాటైంది. బఠాణీల చారు, పిండిలో మాంసం కూరి కాల్చిన పై, ఊరవేసిన బీట్‌రూట్, మన దీవి యాపిళ్ళు. మాంసం పై క్రిస్మస్‌కి కదా చేసేది, అక్టోబరులో ఏమిటని తివియెర్జ్ గారు అడిగింది. మా ఇంట్లో ఒక క్రిస్మస్ భోజనం మధ్యలో ఆగిపోయింది, అది పూర్తి చేయాలి అన్నాను.

నాన్న సమాధి చూడాలని వదిన రాసింది. దీవిలో సెయింట్-జాన్‌కి కారులో వెళ్ళి రావడానికి గంటన్నర పడుతుంది. అది ఈ లెక్కలో పెట్టలేదు. ఒక్కరోజులో రెండు పెద్ద పనులు పెట్టుకోకూడదు. నాలుగున్నరకు మళ్ళీ టాక్సీ. అయిదింటికి నీళ్ళు ఎక్కుతూ సగానికి వస్తాయి, వంతెన మళ్ళీ చదునవుతుంది. ఈసారి గంట కలిపే రాశాను.

భోజనానికి మనం ముగ్గురం, తివియెర్జ్ గారితో నలుగురం. కొరలీ ఉండదు. ఆ రోజు ఆమెకు డ్యూటీ ఉంది.

ఆమె పేరు వచ్చింది కాబట్టి, అసలు సంగతికి వస్తాను.

1999 క్రిస్మస్ విందులో, ఇరవై రెండేళ్ళ కొరలీ తను నది పైలట్ అవుతానని అందరి ముందూ చెప్పింది. తాత, నాన్న, నువ్వు, ముగ్గురూ సముద్రం నుంచి వచ్చే ఓడలెక్కి, ఇసుక మేటలూ రాళ్ళూ తప్పించి వాటిని ఈ ఊరికి చేర్చినవాళ్ళే. ఓడ వాసనకే కడుపులో తిప్పే నా దగ్గర ఆ వంతు తెగిపోయిందని నాన్న బాధపడేవాడు. నా కూతురు దాన్ని మళ్ళీ ఎత్తుకుంటానంటే, నువ్వు సంతోషిస్తావని అనుకున్నాను. నువ్వు ఫోర్కు కింద పెట్టి, నది వంటింటి తొట్టి కాదన్నావు. ఈ పిల్ల మొదటి చలికాలంలోనే ఓడను మేట ఎక్కిస్తుందన్నావు.

అప్పుడు నేనన్న మాట ఇదీ: "మేట ఎక్కించడం గురించి మా అన్నయ్యకి తెలిసినంతగా ఎవరికి తెలుసులే."

టేబుల్ దగ్గర పద్నాలుగు మంది ఉన్నారు. 1994లో నువ్వు నడిపిన ధాన్యం ఓడ సంగతే నేనంటున్నానని పద్నాలుగు మందికీ తెలుసు. నువ్వు కోటు తీసుకుని వెళ్ళిపోయావు. మాంసం పై కోయనే లేదు. మరుసటి ఏడాది రిటైరై హాలిఫాక్స్‌లో మీ అమ్మాయి దగ్గరకు వెళ్ళిపోయావు.

నా వృత్తి ప్రకారం ఈ తప్పు ఇలా సరిదిద్దాలి. ఆ ఓడ చుక్కాని మోటారు పాడైపోయి మేట ఎక్కింది. విచారణ నివేదికలో పంతొమ్మిదో పేజీలో అలాగే ఉంది. పైలట్ ఇచ్చిన ఆజ్ఞలు సరైనవనీ, ఆయన చివరి నిమిషంలో లంగరు వేయించకపోతే ఓడ రెండు ముక్కలయ్యేదనీ కూడా ఉంది. ఆ నివేదిక మీద వార్త రాసింది నేనే. మూడో పేజీలో, నలభై రెండు పంక్తులు. నిజం నాకంటే బాగా తెలిసిన మనిషి ఆ టేబుల్ దగ్గర ఇంకొకడు లేడు. తెలిసే అన్నాను. పత్రికలో ఒక్క అంకె తప్పు పడినా మర్నాడు సవరణ వేసేవాణ్ణి. దీనికి సవరణ వేయడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. నువ్వు ముందు నోరు జారావన్నది నా సాకు. అది సాకే. ఆ పద్నాలుగు మందిలో బతికున్న తొమ్మిది మందికీ ఈ పేరా ప్రతులు తీసి నిన్ననే పంపాను.

ఇక ఆ పిల్ల సంగతి. ఆ మర్నాడే ఏడుస్తూ మానేస్తుందనుకున్నాను. మానలేదు. పెదనాన్నను ఆ మాట ఎందుకన్నావని నన్నే అడిగింది. నీ తరఫున మాట్లాడానని చెప్పాను. "నా తరఫున మాట్లాడాల్సింది నేను నడిపే ఓడలు, నువ్వు కాదు" అంది. తరువాత ఏడేళ్ళు సముద్రం మీద పనిచేసింది, పరీక్ష మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. పదేళ్ళుగా నది పైలట్. ఇప్పటికి తొమ్మిది వందల ఎనభై ఆరు ఓడలు నడిపింది. ఒక్కదానికీ నది అడుగు తగల్లేదు. ఇది రేవు రికార్డుల్లో చూసి చెబుతున్న మాట. తనకు లెక్క నచ్చదు, లెక్కపెడితే నది వింటుందంటుంది. నేను మాత్రం ప్రతి సోమవారం రేవుకు వెళ్ళి చూసుకుంటాను. రిటైరైన విలేకరికి అదొక్కటే వార్త. బేకరీలో, బార్బరు దగ్గర, లెవీ పడవ మీద, ఎవరడిగినా అడగకపోయినా చెబుతున్నాను. ఇప్పుడు నీకూ చెప్పాను.

నువ్వు అన్న మాట గురించి ఆమె ఇన్నేళ్ళలో నా దగ్గర ఒక్కసారే మాట్లాడింది. నువ్వన్నట్టే, పైలట్‌గా తన మొదటి చలికాలంలోనే మంచు నదిని కప్పేసి, తను నడిపే ఓడ ఒకటి మేట అంచు దాకా వెళ్ళి వచ్చింది. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, పెదనాన్న భయపడింది నా గురించి కాదు నాన్నా, నది గురించి, అంది. నాకు ఆ తేడా తెలియదు. నీకు తెలుస్తుంది.

నిన్ను దిగమని బతిమాలడం లేదు. మన ఇంట్లో ఎవరూ ఎవర్నీ బతిమాలిన దాఖలా లేదు. దిగకపోతే వదిన ఒక్కతే వస్తుంది, భోజనం చేసి వెళుతుంది, నీ ప్లేటు మళ్ళీ లోపల పెట్టేస్తాను. దిగితే, పైన రాసిన లెక్క ప్రకారం ఎక్కడా నీకు మెట్టు తగలదు. ఆ పూచీ నాది.

వదినకు నమస్కారాలు. పిల్లలకు దీవెనలు.

ఇట్లు
నీ తమ్ముడు,
రొజేర్

తా.క. ఉత్తరం మడిచి, అంటించి, మళ్ళీ విప్పాను. పైన రాసినదాంట్లో ఒకచోట సగం వార్తే ఇచ్చాను. కొరలీకి ఆ రోజు డ్యూటీ ఉందన్నది నిజం. ఆ డ్యూటీ మీ ఓడే. మామూలుగా పైలట్లకు ఓడలు వంతు ప్రకారం వస్తాయని నీకు తెలుసు, ఆ వంతు జెర్వే అనే అతనిది. ఈ ఏడాది తనకొచ్చిన క్రిస్మస్ సెలవు అతనికిచ్చి ఆ వంతు తీసుకుంది. ముందురోజు రాత్రి, పైలట్లు ఎక్కే ఎస్కూమాన్ దగ్గర తాడు నిచ్చెన మీద మీ ఓడ ఎక్కుతుంది, తెల్లవార్లూ నడిపి పగలు పడుకుంటుంది. నీకు చెప్పొద్దంది. తెలిస్తే పెదనాన్న నిద్రపోడు, మేటల మధ్య ట్రావెర్స్ ఇరుకు దాటేదాకా డెక్ మీదే నిలబడతాడు, మోకాళ్ళు పోతాయి అంది. నేను చెబుతున్నాను. ఆమె పని ఎలా ఉంటుందో నేను ఒక్క మాట కూడా రాయను. నేను విన్నవాణ్ణే కానీ నది తెలిసినవాణ్ణి కాను. నువ్వు కుర్చీ వేయించుకుని కూర్చో, చివరిదాకా చూడు. ఓడ సరిగ్గా తేలేదనిపిస్తే దిగకు, నేనేమీ అనుకోను. సరిగ్గా తెచ్చిందనిపిస్తే పదీ యాభైకి దిగు.