ఎన్ని రోజుల డేటా

సుగుణా,

ఈ ఉత్తరం పంపడానికి నీ చిరునామా నాకు తెలియదు. కువైట్‌లో నీ ఫోన్ ఆగిపోయి నేటికి డెబ్బై రెండు రోజులు. నువ్వు పనిచేసిన ఇంటివాళ్లు, చెప్పకుండా వెళ్లిపోయావని తప్ప ఇంకేమీ చెప్పరు. ఎల్లుండి నేనే వస్తున్నాను.

అక్కడ దిగగానే దారి చూసుకోవడానికి నెట్ కావాలి. అందుకే ఈరోజు ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లి, ఫోన్ల అంగడి మస్తాన్‌ను కలిశాను.

"ఉండే సిమ్ము తీసేసి ఆడి సిమ్ము ఏసుకోన్నా," అన్నాడు.

నా ఫోన్‌లో ఒక్క సిమ్మే పడుతుంది. అందులో ఉన్నది నాయన నంబరు. నీకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే కాబట్టి, నాయన పోయాక నేనే దాన్ని వాడుతున్నాను. తీయనన్నాను.

"అట్టయితే ఈ-సిమ్ తీసుకో. ఇది కార్డు కాదు, నేరుగా ఫోన్లోకే ఎక్కుతాది, నాయన సిమ్ము దాని చోట అదుంటాది. ఎన్ని దినాలకి కావాలి? ఏడా, పదైదా, ముప్పయ్యా?"

ఊళ్లో అందరినీ ప్రశ్నలడిగి పేపరుకు వార్తలు రాయడమే ఇన్నేళ్లూ నా పని. ఈ ప్రశ్నకు మాత్రం జేబులోంచి వీసా కాగితం తీసి చూసుకున్నాను. నా వీసా ముప్పై రోజులు.

"ముప్పై రోజులదే ఎక్కించు."

"చెల్లెలు ముందే దొరికితే మిగిలింది పోతాదన్నా. మళ్లీ తిరిగియ్యరు."

"పోతే పోనీరా," అన్నాను.

ఆ ముప్పై రోజులూ ఏమీ మిగలకుండా అయిపోతే ఏం చేయాలో నాకు తెలియదు చెల్లీ.

అన్న