మెగ్నీషియం మంద

హైదరాబాద్,
9 జూన్ 1991.

మల్సూరన్నకు,

మోతె నుంచి నువ్వొచ్చి వెళ్లి నెల దాటింది. నా ఉత్తరానికి జవాబు లేదు.

కాలేజీలో నా పని ఏంటని అడిగావు కదా. మెగ్నీషియం దిమ్మెను వేడిచేసి రోలర్ల మధ్య వత్తితే, లోపలి రేణువులన్నీ మన గొర్రెల్లా ఒకే దిక్కుకు మళ్లుతాయి. ఆ రేకును మళ్లీ కొలిమిలో పెడితే కొత్త రేణువులు పుడతాయి. అవీ చాలావరకు అటే తిరిగి ఉంటాయి. ఎందుకని సారు అడిగితే, "పుట్టిన పిల్లలు గూడ తల్లి సూసిన దిక్కే సూస్తయి రా" అనే నీ మాట నోటిదాకా వచ్చి ఆగింది. మాది గొర్రెల ఇల్లని ఇక్కడ ఎవరికీ తెలియదు.

రేణుకమ్మ వదినా, చదివి వినిపించేది నువ్వే కాబట్టి అడుగుతున్నాను, ఇక్కడి నుంచి అన్నకు చదవకు. ఆరోజు గేటు దగ్గర గొంగడితో నిలబడ్డ అన్నను చూపించి, "మా ఊరాయన" అని నాతో చదివేవాళ్లకు చెప్పాను.

ఆ మాట అన్న విన్నాడా?